ఎనుక సీటుకు బరువు

సమాధుల తోటకు పోయేటప్పుడు అన్నను పెట్టిన వ్యాను దుర్గాపూర్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ కాడ ధన్‌మని ఎగిరింది. పెట్టె ఇంత లేచి పడ్డది. నా నోరు ఆగలే. "ఓరి మెల్లగ పోనియ్‌రా! లోపట మనిషున్నడు!" అని డ్రైవర్ మీద ఒర్లిన. పాట పాడుతున్నోళ్లు టక్కున ఆగిండ్రు. పాస్టరు గారు నా దిక్కు తిరిగి చూసిండు. సచ్చిపోయిన మనిషికి కుదుపేందని అందరి మొఖాల మీద ఉన్నది. పెట్టె పక్కన కూసున్న వదిన ఒక్కతే, ఏడ్చి ఉబ్బిన మొఖానికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో ఎరుకైనోళ్లం అండ్ల ముగ్గురమే ఉన్నం. నేను, సుగుణక్క, బేబీతాయి.

ఆయన నాకు రక్తసంబంధమేం కాదు. మా క్వార్టర్‌కు ఎదురు క్వార్టర్. నేను "అన్నా" అంటుంటి, ఆయన "చెల్లె" అంటుండె, గంతే చుట్టరికం. బొగ్గుబాయిల సపోర్ట్ గ్యాంగుల పని చేసి రిటైరయిండు. బొగ్గు తీసుకుంట ముందుకు పోయినకొద్ది ఎనుక పైకప్పు కూలకుంట, కట్టె దిమ్మెలు అడ్డం నిలువు పేర్చి నిలవెట్టే పని అది. కప్పు కింద అడుగు పెట్టేముందు కర్రతోని పైన కొట్టి చూడాలెనంట. గట్టి చప్పుడొస్తె పోవచ్చు, బోలు చప్పుడొస్తె ఆగాలె. బాయి ఇడిసిండు గని ఆ అలవాటు ఇడువలే. చేతిల ఎప్పుడూ ఒక కర్ర. మా ఇంటికొస్తె దర్వాజ మీద రెండు దెబ్బలు కొట్టి చెవి పెట్టి ఇని, అప్పుడు లోపటికి వచ్చేటోడు. పుచ్చకాయ కొనుడైతె ఆ బండోనికి ప్రాణసంకటమే. బండి మీదున్నయన్ని కొట్టి చూసి, ఆఖరికి మొదలు కొట్టినదే తీసుకుంటుండె.

చర్చిల కొత్తగ చెక్కల స్టేజీ కట్టినప్పుడు పాస్టరు గారు వాక్యం చెప్తున్నడు, ఈయన ముందు వరసల కూసోని స్టేజీ అంచు మీద టక్ టక్. "అయ్యగారూ, ఎడమ దిక్కు బోలుగుంది, జర ఇటు జరిగి చెప్పుండ్రి" అన్నడు. సంఘమంత నవ్వింది. పాస్టరు గారు మస్తు కోపం చేసిండు గని, జరిగిండు. మొన్న పెట్టె తెచ్చి వాకిట్ల దించినప్పుడు నాకు గదే యాదికొచ్చింది. బతికుంటె దాన్ని గూడ నాలుగు దిక్కుల కొట్టి చూసి, "ఇది టేకు అని ఎవడు చెప్పిండు?" అని లొల్లి పెడుతుండె.

ఇంకొకటి ఆయన నోట్ల మాట. "జర బరువు దిగనియ్." బాయిల పైకప్పు బరువు దిమ్మెల మీదికి మెల్లగ దిగుతదంట. అది దిగి కుదురుకునేదాక మనిషి తొందరపడొద్దంట. ఈయన దాన్ని అన్నింటికి వాడుకున్నడు. మా ఇంట్ల నేను మా ఆయన కొట్లాడుకుంటె, బయట గోడకు ఆనుకొని నిలవడి "చెల్లె, జర బరువు దిగనియ్" అంటుండె. ఎవరి పిల్లకు సంబంధం చూసినా గదే, చాయ గ్లాసు చేతికిచ్చినా గదే. వదిన ఊకుంటదా? "నీ బరువు దిగేటాల్లకు నా చాయ సల్లారి సస్తుంది, తాగు!" అని గద్దిస్తుండె. వదినది గోండ్‌పిప్రి దిక్కు. పొలం గట్ల మీద పెరిగిన గొంతు. ఆమె నవ్వితె మా గల్లీ చివరిదాక ఇనపడేది.

వాళ్లకొక పాత తెల్ల కారుండె, చిన్నది. దాన్ని నడుపుకుంట స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటె చాలు, అన్న సీటు మీదికెళ్లి జర లేచేటోడు. స్టీరింగ్ పట్టుకొని, ఊపిరి బిగవట్టి, సగం నిలవడి, దాటినంక కూసుంటుండె. "నువ్వు లేస్తె కారుకేం తక్కువైతదన్నా? నువ్వు కార్లనే ఉంటివి గద" అని ఒకసారి అడిగిన. "నా వంతు నేను చెయ్యాలె గద చెల్లె" అన్నడు. నేను నవ్విన.

గసొంటి ఇంట్ల వదిన నడుం పట్టేసింది. మొదలు అందరికి వచ్చే నొప్పే అనుకున్నం. జండూ బామ్ రాసినం, ఇటుక కాల్చి కాపడం పెట్టినం. నొప్పి నడుం ఇడిసి కాలిలకు దిగింది. ఒకనాడు ఆమె నా ముంగటనే వంటింట్లకెళ్లి బయటికొచ్చింది, ఒక కాలికి చెప్పున్నది, ఒక కాలికి లేదు. "వదినా, చెప్పేది?" అంటె కిందికి చూసుకున్నది. చెప్పు వంటింట్లనే జారిపోయింది. ఆమెకు తెలువనే లేదు. గప్పుడు నాకు భయమైంది.

డాక్టరు చూసి, డిస్కు జారి నరం మీద పడ్డది, నాగ్‌పూర్ తీస్కపోయి ఆపరేషన్ చేయించుండ్రి, ఆలస్యం చేస్తె ఆ కాలు మళ్ల రాదని చెప్పిండు. పరీక్షలకని ఒక అద్దె అంబులెన్సుల నాగ్‌పూర్ తీస్కపోయిండ్రు. బొగ్గు లారీలు తిరిగి తిరిగి మా రోడ్లు ఎట్లుంటయో మీకు చెప్పాల్నా? పోయినప్పుడు వచ్చినప్పుడు ఆ బండి ప్రతి గుంతల, ప్రతి ఖడ్డాల పడి లేసుకుంటనే పోయింది. లోపట వదిన ఇనుప కడ్డీ పట్టుకొని ఒర్లుకుంటనే ఉన్నదంట. ఇంటికి తెచ్చినంక మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ఆపరేషన్ తారీఖు ఇచ్చినా ఆమె మాట ఒక్కటే. "నేను రాను. కాలు పోతె పోనియ్. మళ్ల ఆ రోడ్డు మీద నన్ను తీస్కపోతె నేను తొవ్వలనే సస్త."

రైలుకు పోరాదా అని అందరు సలహా ఇచ్చెటోళ్లే. స్టేషన్ల మెట్లెవరెక్కుతరు? కూసుండుడే కానప్పుడు ఆ సీట్ల ఎట్ల కూసుంటది? అన్న వాకిట్లకు పోయి కారు ఎనుక రెండు చేతులు పెట్టి కిందికి ఒత్తి ఇడిసిండు. కారు ఊగుతనే ఉన్నది, ఎంతసేపటికీ ఆగలే. వంగి చూస్తె చక్రాల కాడ కుదుపు ఆపే షాకప్పులకెళ్లి నూనె కారి మట్టి అంటుకొని నల్లగైనయ్. ఒక దిక్కు స్ప్రింగు కింద చుట్టు ఇరిగింది. "గీ కారును మెత్తగ చేస్త. గిండ్లనే తీస్కపోత" అన్నడు.

"మెకానిక్ కాడ పెట్టరాదన్నా?" అన్న నేను.

"వానికి అది ఎవరి కోసమో తెల్వదు గద చెల్లె" అన్నడు.

ఆదివారం పొద్దుగాల, ఎండ ఎక్కకముందే, చర్చి ఎగ్గొట్టి మొదలు పెట్టిండు. ముందు చక్రాలకు బండరాళ్లు అడ్డం పెట్టిండు. ఎనుక చక్రాల నట్లు కిందున్నప్పుడే వదులు చేసి, జాక్ ఎక్కించి, కారు కింద కట్టె దిమ్మెలు పేర్చుడు షురూ చేసిండు. అడ్డం రెండు, నిలువు రెండు, మళ్ల అడ్డం రెండు. అచ్చం బాయిల కప్పుకు కట్టినట్టే. కట్టినంక కర్రతోని కొట్టిండు, చెవి పెట్టి ఇన్నడు, "ఇప్పుడు దీని మీద కొండ పడ్డా ఏం కాదు" అన్నడు. కారు పడకుంటే చాలు, కొండెందుకన్నా అన్న.

కింది బోల్టు తుప్పు పట్టి కదలనంటె కదల. గ్యాసునూనె పోసి, "జర బరువు దిగనియ్" అని బీడీ ముట్టించుకున్నడు. అది దిగినంక, పానాకు పైపు తొడిగి గుంజితె కిర్రుమని తిరిగింది. పై నట్టు డిక్కిల గుడ్డ కింద దాగున్నది, అది గూడ ఊడింది. షాకప్ ఊడంగనే చక్రం మోసే ఇనుప దూలం కిందికి వాలి, పాత స్ప్రింగు చేతికే వచ్చింది. కొత్త స్ప్రింగు మాత్రం పొడుగున్నది, లోపటికి పోతలేదు. అన్న నా దిక్కు చూసిండు. "చెల్లె, ఇగో ఈ దూలం మీద కాలు పెట్టి తొక్కు. దిమ్మెల బయటనే నిలవడు, కింద తల పెట్టకు." నేను, చూసెతందుకొచ్చిన మా ఆయన భుజం పట్టుకొని ఎక్కి తొక్కిన. నా కింద అది సుతారంగ దిగిపోయింది. స్ప్రింగు లోపట కూసున్నది. "శాబాష్!" అన్నడు. నేను లావున్నందుకు జిందగిల నన్ను మెచ్చుకున్నది ఆయనొక్కడే.

రెండు దిక్కులా అయినంక, దిమ్మెలు తీసి కారు దించిండు. దాని ఎనుక భాగం ఇంత పైకి లేచి నిలవడ్డది. "ఏందన్నా, గుద్ద లేపింది?" అన్నది, చర్చికెళ్లి వాపస్ వచ్చి గోడ మీదికెళ్లి చూస్తున్న సుగుణక్క. చర్చిల పాటలు ఎత్తెది ఆమెనే. ఆ నోట్ల పాటకూ అడ్డు లేదు, మాటకూ అడ్డు లేదు. అన్న మురుసుకుంట చెప్పిండు. "మామూలువి కాదు సుగుణమ్మా. ట్యాక్సీలోళ్లు లోడు కోసం ఏసుకునే లావు స్ప్రింగులు. దుకాన్ల వెతికి వెతికి తెచ్చిన. అస్సలు కుంగయి."

సాయంత్రం వదినను మెల్లగ లేపి ముందు సీట్ల కూసోబెట్టి గల్లీ చివరిదాక తీస్కపోయిండు. గల్లీ చివర ఉన్నది ఒక్కటే ఖడ్డా. అది రాంగనే వదిన అరుపు మా ఇంటిదాక ఇనపడ్డది. కుంగని స్ప్రింగు రోడ్డు మీది ప్రతి రాయిని తెచ్చి ఆమె నడుం మీదనే కొట్టింది. మోసుకొచ్చి పండుకోబెట్టినం. ఆమె మళ్ల గోడ దిక్కు తిరిగింది. తిట్టినా బాగుండు.

అన్న మెట్ల మీద కూసున్నడు. కర్ర పక్కన పడేసిండు. నేను చాయ తెచ్చిస్తె పట్టుకొని తాగలే. "బాయిల గట్టిగ పెడితెనే మనిషి బతుకుతడు చెల్లె. మెత్తగున్నది పెడితె సస్తడు. ఇన్నేండ్లు నాకు తెలిసింది గదే" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది. పాత స్ప్రింగు ఇరిగింది, పెట్టరాదు. ఆ పాత మోడలుకు మెత్తటియ్యి తెప్పియ్యాల్నంటె తారీఖు దాటిపోతది. ఆ తారీఖు పోతె మళ్ల ఎప్పుడో, ఆ కాలు అప్పటిదాక ఉంటదో లేదో.

తెల్లారి చూస్తె అన్న కారు ఎనుక సీట్ల ఇసుక బస్తాలు ఏస్తున్నడు. ముందు సీటు మీద స్టీలు గ్లాసుల నిండ నీళ్లు పెట్టుకొని గల్లీల తిప్పి వచ్చిండు. సంబరంగ మా గేటు కాడనే ఆపి, "చూడు చెల్లె, తొణకలే! బరువు కోసం చేసిన స్ప్రింగు అది, బరువు పెడితె మెత్తగైంది!" అన్నడు. ఇద్దరం పోయి వదినకు చెప్పినం. ఆమె కిటికిలకెళ్లి ఆ బస్తాలు చూసింది.

"నేనేమన్న ఇల్లు కడుతున్ననా ఇసుకతోని పోయెతందుకు? తొవ్వల నాకేమన్న అయితె ఆ బస్తా నా చెయ్యి పట్టుకుంటదా? మొన్న అంబులెన్సుల ఈయన ముందు డ్రైవర్ పక్కన, ఎనుక నేనొక్కదాన్నే, ఎంత ఒర్లినా పలికినోడు లేడు." మళ్ల గోడ దిక్కు తిరుగుకుంట అన్నది. "మనుషులుంటె వస్త."

ఆ పొద్దే అన్న మా దర్వాజ మీద టక్ టక్ కొట్టిండు. లోపటికొచ్చిండు. నిలవడి నన్ను కింది నుంచి పైదాక చూసిండు.

"చెల్లె, నీ వజన్ ఎంత?"

ఏ ఆడదాన్ని ఎవ్వడన్న గట్ల అడుగుతడా! చేతిల కత్తెరున్నది, బట్ట కత్తిరిస్తున్న. "ఎందుకన్నా, కాంటా మీద పెట్టి అమ్ముతవా?" అన్న. ఆయన నవ్వలే. "ఎనుక ముగ్గురు కావాలె. ఒక దిక్కు ఎక్కువ, ఒక దిక్కు తక్కువ ఉండొద్దు. నువ్వు ఒక దిక్కు, సుగుణమ్మ ఒక దిక్కు. నడుమ ఎవరు?" అన్నడు. నడుమకు బేబీతాయి దొరికింది. ఆమె మరాఠి మనిషి, మా పక్క క్వార్టర్. మాతోని ఉండి ఉండి తెలుగు నేర్చుకున్నది. సంగతి ఇనంగనే "అగ బాయి! నేను వస్త నా! మాఝం వజన్ కాయ కమీ ఆహే కా?" అని నడుం మీద చెయ్యేసుకొని నిలవడ్డది. తక్కువేం లేదు తల్లీ, అన్నం మేం.

పోయిన పొద్దు అన్న మమ్ముల ఒక్కొక్కళ్లను ఎక్కించి, దిగి, ఎనుకకు పోయి వంగి చూసిండు. కారు చక్కగ కూసున్నది. కర్రతోని డిక్కి మీద కొట్టి తల ఊపిండు. వదిన సీటును ఎనుకకు వాల్చితె ఆమె తల సక్కగ నా ఒడి మీదికొచ్చింది. నా మోకాళ్లు సీటు కింద ఇరికినయ్. సంచి పెట్టుకునే జాగ లేదు. మొదటి ఖడ్డా రాంగనే వదిన నా చెయ్యి పట్టుకొని కండ్లు మూసుకున్నది. కారు ఒక్కసారి మెత్తగ దిగి లేచింది. ఆమె కండ్లు తెరిసింది. "గంతేనా?" అన్నది. అద్దంల అన్న మొఖం చూడాలె మీరు ఆ క్షణంల!

తొవ్వ పొడుగునా సుగుణక్క పాటలు, బేబీతాయి ముచ్చట్లు. బొగ్గు లారీ ఎదురొస్తె అన్న రోడ్డు దిగి ఆగేటోడు. స్పీడ్ బ్రేకర్ రాంగనే సీటు మీదికెళ్లి లేచిండు. మేం ముగ్గురం గూడ లేద్దామని చూసినం. "మీరు లేవకుండ్రి! మీరు బరువు!" అని ఒర్లిండు. వదిన నొప్పిల గూడ పక్కున నవ్వింది. సైకిళ్లు మమ్ముల దాటుకుంట పోయినయ్, అయినా నాగ్‌పూర్ చేరినం.

ఆపరేషన్ మంచిగనే అయింది. అక్కడ వదిన చెల్లె ఉన్నది చూసుకునేతందుకు. అన్న కారుతోని అక్కడనే ఉన్నడు, మేం ముగ్గురం బస్సుల వాపస్ వచ్చినం. ఇంటికి పంపిస్తరని తెలువంగనే మళ్ల బస్సెక్కి నాగ్‌పూర్ పోయినం, కార్ల వాపస్ వచ్చేతందుకు. బస్సుల టిక్కెట్టు కొట్టుకుంట కండక్టరు అడిగిండు, దవాఖానల ఎవరున్నరు, మీరు ఏమైతరు అని. "మేం వజన్ అయితం" అన్నది సుగుణక్క. వానికి సమజ్ కాలే.

వాపస్ వచ్చేటప్పుడు గూడ గదే పద్ధతి. నేను కిటికి పక్కన, వదిన తల నా ఒడి మీద. తొవ్వల వరోరా ఊరు దాటినంక ఆమె మాట ఆగిపోయింది. వంగి చూస్తె నిద్ర. నోరు జర తెరిసి, సన్నగ గురక పెట్టుకుంట పండుకున్నది. నొప్పి మొదలైనసంది ఆమె గట్ల పండుకున్నది నేను చూళ్లే. రాత్రులు ఆమె మూలుగు మా ఇంట్లకు ఇనపడుతుండె. అన్న అద్దంల నా దిక్కు చూసి కండ్లతోనే ఏందని అడిగిండు. నేను రెండు చేతులు చెంప కింద పెట్టి చూపించిన. ఆయన కారును ఇంక మెల్లగ పోనిచ్చిండు.

దుర్గాపూర్ చేరేటాల్లకు పొద్దు గూకుతుంది. పవర్ స్టేషన్ చిమ్నీల మీద ఎర్ర లైట్లు వెలిగినయ్. మా గల్లీ వచ్చింది, వాళ్ల గేటు వచ్చింది. దిగుదామని నేను సంచి సదురుకున్న. అన్న వదిన మొఖం చూసిండు. కారు ఆపలే. గేటు ముంగటికెళ్లి అట్లనే పోనిచ్చిండు.

"అరే! ఇల్లు ఎనుక పోయింది నా!" అన్నది బేబీతాయి. సుగుణక్క ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పవర్ స్టేషన్ గేటుదాక పోయి, అక్కడ తిప్పి, బొగ్గుబాయి మట్టికుప్పల పక్క రోడ్డుకు మళ్లిచ్చిండు. "ఇటు బిబట్ తిరుగుతది" అని బేబీతాయి నా చెవిల గుసగుస. చిరుతపులి వస్తె రానియ్, ఊకో అన్న. నా కాళ్లు తిమ్మిరెక్కి నావో కాదో తెలుస్తలే. వరోరా కాడికెళ్లి దొడ్డికి పోవాలె అంటున్న సుగుణక్క, కండ్లు గట్టిగ మూసుకొని ప్రార్థన చేసుకుంట కూసున్నది. మా ముగ్గుర్ల ఒక్కరు దిగినా కారు లేస్తది, కారు లేస్తె ఆమె లేస్తది. ఆ సంగతి మాకెవ్వలూ చెప్పలే. ముగ్గురం ఊపిరి గూడ చూసుకొని తీసుకున్నం.

చుట్టు తిరిగి మళ్ల గల్లీలకు వచ్చినం. సరీగ వాళ్ల గేటు ముంగట ఒక కుక్క అడ్డమొచ్చింది. అన్న బ్రేకు తొక్కిండు. వదిన కదిలింది. కండ్లు తెరిసింది.

"వచ్చినమా?"

"ఇంకెక్కడ? వరోరా గూడ రాలే. పండుకో" అన్నడు అన్న.

వదిన తల జర పక్కకు తిప్పింది. కిటికిల ఆమె ఇల్లున్నది, ఆమె గేటున్నది, పోయినప్పుడు తీగ మీద ఆరేసి ఇడిసిన ఆమె చీర గట్లనే ఉన్నది. అవన్ని చూసింది. తిరిగి అన్న మొఖం చూసింది.

"గట్లనా? మరి వచ్చినంక లేపు" అని, నా ఒడిల తల సదురుకొని, కండ్లు మూసుకున్నది.

అన్న గేరేసిండు.